లేబియాప్లాస్టీ: కుట్టుమిషన్ మీద బతికే ఒక కోనసీమ పేషెంట్ కేసు

ఈ కేసు రాయడానికి పేషెంట్ ఒప్పుకుంది, ఊరి పేరు రాయట్లేదు, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. రాయండి గానీ మూడో రోజు వాపు ఎలా ఉంటుందో మాత్రం దాచకుండా రాయండి మేడమ్, అది తెలీక హడలిపోతారు అని ఆవిడే అంది. యోని ద్వారం పక్కన ఉండే లోపలి పెదవులు, అంటే లేబియా మైనోరా, తగ్గించుకునే ఈ ఆపరేషన్ గురించి అడిగేవాళ్ళు ఇప్పుడు రాజమండ్రి, కాకినాడ, భీమవరం వైపు కూడా కనిపిస్తున్నారు. నా దగ్గరికొచ్చి అడిగేవాళ్ళలో ఎక్కువమందికి అసలు ఆపరేషన్ అక్కర్లేదు. నిజంగా అవసరమున్న కొద్దిమందికేమో ఆపరేషన్ గంటసేపే అని చెప్పి ఊరుకుంటారు తప్ప ఆ తర్వాత ఆరు వారాలు ఇంట్లో ఎలా గడుస్తాయో ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. అందుకే ఈ ఒక్క కేసు మొదట్నుంచి చివరిదాకా రాస్తున్నాను.

వయసు 33. గోదావరి పాయల మధ్య లంక ఊరు, భర్త కువైట్‌లో డ్రైవరు, ఇద్దరు పిల్లలు, రెండూ నార్మల్ డెలివరీలే, రెండో కాన్పు అయ్యాక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా అయిపోయింది. ఇంట్లోనే టైలరింగ్, కాలితో తొక్కే మిషను, శ్రావణమాసం నుంచి దసరా దాకా ఊళ్ళో బ్లౌజులన్నీ ఈవిడ దగ్గరికే. అత్తగారిని తోడు తెచ్చుకుంది, ఆవిడ పక్కనున్నంత సేపూ తెల్లబట్ట అనే చెప్పింది. అత్తగారిని కాసేపు బయట కూర్చోమన్నాక అసలు మాట బయటికొచ్చింది.

"కింద చర్మం వేలాడుతుందండి. మిషన్ తొక్కేటప్పుడు రెండు కాళ్ళ మధ్య నలిగిపోద్దండి, సాయంత్రం అయ్యేసరికి మంట, కూర్చోలేనండి."

"ఎన్నాళ్ళ నుంచమ్మా?"

"చిన్నదాని కాన్పయ్యాక ఎక్కువైందండి. అంతకుముందు కూడా ఉంది గానీ ఇంతలేదండి."

ఇంకా అడిగితే ఒక్కొక్కటీ చెప్పుకొచ్చింది, కాలవగట్టు మీద స్కూటీ నడిపితే ఒరుసుకుపోద్ది, నెలసరి టైంలో ప్యాడ్ అంచు తగిలి పుండు పడుద్ది, మూత్రం ఒక ధారగా రాకుండా పక్కలకి చిమ్ముద్ది, భర్త సెలవుకొచ్చినప్పుడు కలిసేటప్పుడు కుడిపక్క చర్మం లోపలికి లాక్కుపోయి నొప్పి. ఇన్నాళ్ళూ ఏం వాడావమ్మా అంటే పర్సులోంచి ఒక ట్యూబు తీసింది. మందుల షాపులో చీటీ లేకుండా ఇచ్చే క్రీమే, అందులో స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటిబయాటిక్ అన్నీ కలిపి ఉంటాయి. రాసిన రెండో రోజుకి హాయిగా ఉంటుంది, మానేస్తే డబుల్‌గా తిరగబెడుతుంది, నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడిపోతుంది, తామర అయితే పైకి కనపడకుండా లోలోపల పాకుతుంది. మన డెల్టాలో ఈ ఉక్కకి, చెమటకి, తడి బట్టల్లో పనికి తామర లేని తొడలు తక్కువ, ఆ క్రీము లేని ఇల్లు కూడా తక్కువే, నా ఓపీలో సగం గొడవ దీనితోనే.

పరీక్ష చేస్తే కుడిపక్క లోపలి పెదవి మొదలు నుంచి అంచు దాకా సుమారు 5.5 సెంటీమీటర్లు, ఎడమ 4. అంచు మందంగా, గరుకుగా, సన్నటి పగుళ్ళతో ఉంది. తొడ సందుల్లో రెండు పక్కలా తామర. తెల్లబడి పల్చగా మెరిసే మచ్చలు లేవు (అవుంటే లైకెన్ స్క్లీరోసస్ అనుకోవాలి, దాని మీద కత్తి పెట్టకూడదు), గడ్డల్లేవు, గర్భసంచి జారడం లేదు, ఉబ్బిన రక్తనాళాలు లేవు. షుగర్ లేదు. హిమోగ్లోబిన్ మాత్రం 9.8.

ఇక్కడ నార్మల్ అంటే ఏంటో చెప్పాలి, ఎందుకంటే ఈవిడ మొదటి ప్రశ్న మంట గురించి కాదు, "అందరికీ ఇలా ఉండదు కదండీ?" అని. 2005లో లండన్‌లో 50 మంది ఆడవాళ్ళని కొలిచి రాసిన ఒక పేపరుంది, వాళ్ళందరూ వేరే ఏదో గైనిక్ ప్రొసీజర్ కోసం వచ్చినవాళ్ళు, దీని గురించి కంప్లైంట్ ఉన్నవాళ్ళు కాదు. లోపలి పెదవి వెడల్పు ఒకరికి 7 మిల్లీమీటర్లుంటే ఇంకొకరికి 50 మిల్లీమీటర్లుంది. రెండూ ఆరోగ్యమే. రెండు పక్కలూ సమానంగా లేకపోవడం, బయటి పెదవుల కంటే లోపలివి కిందకి కనపడటం, అంచు నల్లగా ఉండటం, ముడతలుండటం, ఇవన్నీ మామూలే, పెళ్ళికీ నడతకీ వీటికీ ఏ సంబంధం లేదు. మన ఆడపిల్లలకి ఇది చెప్పేవాళ్ళు లేరు, అమ్మ చెప్పదు, స్కూల్లో ఆ పాఠం దాటేస్తారు, ఫోన్లో చూసే బొమ్మలేమో ఎడిటింగ్ చేసినవి. నేను టేబుల్ మీద రకరకాల ఆకారాల లైన్ డ్రాయింగులు పెట్టుకుంటాను, ఈవిడ వాటిని చాలాసేపు చూసి, ఒకదాని మీద వేలు పెట్టి "ఇది నాదేనండి" అంది. అప్పుడు మొదటిసారి నా మొహంలోకి చూసి మాట్లాడింది.

అంటే సైజు చూసి ఆపరేషన్ రాయను. 5.5 సెంటీమీటర్లున్నా ఏ ఇబ్బందీ లేకుండా బతికేవాళ్ళున్నారు, వాళ్ళ జోలికి పోనక్కర్లేదు. ఈవిడకి రోజువారీ పనిలో, స్కూటీ మీద, భర్తతో ఉన్నప్పుడు, మూడు చోట్లా ఇబ్బంది ఉంది, అదే నాకు లెక్క. అయినా వెంటనే డేట్ ఇవ్వలేదు. ముందు ఆ క్రీము పూర్తిగా మాన్పించాను, తామరకి సరిపడా రోజులు మాత్రలు, ఇంట్లో వాళ్ళందరికీ ట్రీట్‌మెంట్, తువ్వాళ్ళు వేరు, లోదుస్తులు ఎండలో ఆరేయడం, అంచు తగలని కాటన్ నిక్కరు, పనికి కూర్చునే ముందు వాజిలైన్, సబ్బులూ వాసన లిక్విడ్లూ బంద్, ఐరన్ మాత్రలు. అన్నింటికంటే ముఖ్యంగా మిషనుకి మోటర్ పెట్టించుకోమన్నాను. కొంతమందికి ఇంతటితోనే సరిపోద్ది, ఆపరేషన్ మాట మర్చిపోతారు. ఈవిడకి దురద పోయింది, మంట బాగా తగ్గింది, హిమోగ్లోబిన్ 11.6కి వచ్చింది, కానీ ఆ నలగడం, లోపలికి లాక్కుపోవడం అలాగే ఉంది. అప్పుడు ఆపరేషన్ గురించి కూర్చుని మాట్లాడుకున్నాం.

ఒంటరిగా ఉన్నప్పుడు ప్రతి ఒక్కరినీ అడిగే ప్రశ్న ఒకటుంది, ఇది నీకోసమా, ఎవరన్నా ఏమన్నా అన్నారా అని. ఈవిడ "మా ఆయన ఏమీ అనలేదండి, ఆయనకి చెప్పనేలేదు, నాకే నొప్పండి" అంది. మొగుడు వంక పెట్టాడనో, కాబోయే వాడు ఏమనుకుంటాడో అనో వచ్చేవాళ్ళకి నేను చెయ్యను, వాళ్ళకి కావాల్సింది వేరే సాయం. అద్దం ముందు గంటలు గంటలు గడిపి, కనపడని లోపం కనపడుతోందని బాధపడేవాళ్ళకి కూడా చెయ్యను, అది బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్ కావచ్చు, ఎంత బాగా చేసినా వాళ్ళకి తృప్తి ఉండదు, సైకియాట్రిస్టు దగ్గరికి జాగ్రత్తగా పంపాలి. 18 దాటని పిల్లలకి అందం కోసం అయితే అసలే లేదు, ఇంకా శరీరం ఎదుగుతూ ఉంటుంది. ఇంకోమాట, మేజర్ అయిన ఆడమనిషి ఒంటి మీద ఆపరేషన్‌కి ఆమె సంతకం చాలు, భర్త సంతకం అక్కర్లేదు. ఈవిడ మాత్రం ఫోన్‌లో భర్తకి చెప్పింది, ఆయన "నీకు బాధైతే చేయించుకో" అన్నాడట.

ఆమె అనుకున్నవి, నేను అవునన్నవి, కాదన్నవి ఇక్కడ రాస్తాను. రాపిడి, నలగడం, లోపలికి లాక్కోవడం తగ్గుతాయా అంటే తగ్గే అవకాశం బాగా ఉంది. రెండు పక్కలూ కచ్చితంగా ఒకేలా వస్తాయా, రావు, దగ్గర దగ్గరగా వస్తాయి. తెల్లగా అవుద్దా, అవదు, అంచు నలుపు పోతుంది గానీ లోపల రంగు ఎలా ఉంటే అలాగే. కలిసినప్పుడు సుఖం పెరుగుద్దా, ఆ హామీ ఎవరిచ్చినా నమ్మొద్దు. యోని బిగుతుకీ దీనికీ సంబంధమే లేదు, ఇది బయటి చర్మం పని. ఫ్లెక్సీల మీద లేజర్‌తో నొప్పి లేకుండా అరగంటలో అని వేస్తారు చూడండి, లేజర్ కూడా కోసే పనిముట్టే, దానికి వేరే మహిమ లేదు, యోనిలోపల బిగుతు కోసమని పెట్టే లేజర్ మెషిన్ల గురించైతే అమెరికాలో మందుల మీదా మెషిన్ల మీదా అజమాయిషీ చేసే ఎఫ్‌డీఏ 2018లోనే కాలిన గాయాలు, మచ్చలు, నొప్పి వస్తున్నాయని హెచ్చరించింది. అమెరికా గైనకాలజిస్టుల సంస్థ ఏకాగ్ 2020 జనవరిలో ఇచ్చిన అభిప్రాయంలో కూడా అందం కోసం చేసే ఇలాంటి ఆపరేషన్ల మీద గట్టి రుజువులు లేవని, నొప్పి, రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్, మచ్చ, అతుక్కుపోవడం, స్పర్శ మారడం, కలయికలో నొప్పి, మళ్ళీ ఆపరేషన్ చెయ్యాల్సి రావడం, ఇవన్నీ పేషెంటుకి ముందే చెప్పాలని రాశారు. నేను ఇవన్నీ తెలుగులో రాయించిన కాగితం ఇచ్చి ఇంటికి పంపుతాను, సంతకం ఆ రోజు తీసుకోను, చదువుకుని ఇంకో రోజు రమ్మంటాను. అందం లెక్కలో వేస్తారు కాబట్టి ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోవద్దని కూడా అప్పుడే చెప్పేస్తాను, బిల్లు ముందే రాసిస్తాను, కువైట్ డబ్బులంటే అందరికీ లోకువ, ఆ మనిషి అక్కడ ఎండలో బండి తోలి పంపించినవి అవి.

టైము. దసరా బ్లౌజుల గిరాకీ అయ్యాక, నెలసరి ఆగిన వారంలో పెట్టుకున్నాం, అలా అయితే మళ్ళీ నెలసరి వచ్చేలోపు గాయం కొంత గట్టిపడుతుంది. ఎండాకాలంలో అయితే నేను వాయిదా వెయ్యమంటాను, ఆ చెమటకి కుట్లు నానిపోతాయి. భర్త సంక్రాంతికి వస్తాడు, అప్పటికి రెండున్నర నెలలు దాటుతుంది, సరిపోద్ది. ఒక్కటే ఆవిడకి బాధ అనిపించింది, కార్తీకంలో కోటిపల్లి వెళ్ళి గోదావరి స్నానం చెయ్యకుండా ఏ ఏడూ ఉండలేదట. ఈసారి ఇంట్లో చెంబు స్నానమే అన్నాను, నది నీళ్ళు, చెరువు నీళ్ళు పచ్చి గాయానికి ఆరు వారాలు తగలకూడదు. ఒప్పుకుంది, కష్టంగానే.

పద్ధతి గురించి. ముఖ్యంగా రెండు దార్లున్నాయి. ఒకటి అంచు వెంబడి అదనపు చర్మాన్ని తీసెయ్యడం, ట్రిమ్ అంటాం. రెండోది మధ్యలో వి ఆకారంలో ముక్క తీసి పైనా కిందా కలిపి కుట్టడం, వెడ్జ్ అంటాం, దీన్ని 1998లో గ్యారీ ఆల్టర్ అనే అమెరికా ప్లాస్టిక్ సర్జన్ రాశాడు. వెడ్జ్‌లో సహజమైన అంచు మిగులుతుంది, కానీ కుట్టు మీద లాగుడు ఎక్కువ, విడిపోతే పెద్ద ఖాళీ పడుతుంది. ట్రిమ్‌లో అంచు మొత్తం కొత్తది, కుట్టు గీత అంచు మీదే ఉంటుంది, బిగించి కుడితే రంపం పళ్ళలా గతుకులొస్తాయి. ఈవిడ ఇబ్బందంతా ఆ పగిలిన మందపాటి అంచులోనే ఉంది కాబట్టి ట్రిమ్ ఎంచుకున్నాను. ఎంత తీస్తారండి అని అడిగింది. ఎంత మిగల్చాలన్నదే అసలు లెక్క అని చెప్పాను. కనీసం 1 సెంటీమీటర్ మిగలాలి, నేను ఈవిడకి రెండు పక్కలా 1.5 దాకా ఉంచాను. ఆ పెదవులు ఊరికే లేవు, యోని ద్వారాన్ని, మూత్రం దారిని కప్పి తడి ఆరిపోకుండా కాపాడతాయి, నిండా నరాలుంటాయి. మొదలంటా కోసేస్తే జీవితాంతం పొడిబారడం, మంట, దాన్ని బాగుచెయ్యడం చాలా కష్టం. ఆవిడ వెంటనే "బ్లౌజుకి లోపల మార్జిన్ వదిలినట్టండి, తర్వాత కావాలంటే ఇంకాస్త తియ్యొచ్చు, తీసేసింది అతకలేం" అంది, నేను ఇంత తేలిగ్గా ఏ పేషెంటుకీ చెప్పలేకపోయాను, ఇప్పుడు అందరికీ ఆ మాటే చెబుతున్నాను.

పైన క్లిటోరిస్ మీద ఉండే మడత కూడా కొంచెం ఎక్కువే ఉంది. కింద తగ్గించి పైన వదిలేస్తే పైభాగం ఉబ్బుగా కనపడొచ్చని ముందే అద్దంలో చూపించాను. తనకి అక్కడ ఏ ఇబ్బందీ లేదు, స్పర్శ నరాలు దగ్గర్లో ఉన్నాయి, ఎందుకు కెలకడం అని ఇద్దరం అనుకుని వదిలేశాం.

ఆపరేషన్ రోజు ఆరు గంటల ముందు నుంచి తిండి లేదు, రెండు గంటల ముందు దాకా మంచినీళ్ళు. మత్తు సూది వేస్తే కణజాలం ఉబ్బి కొలత తప్పుతుంది కాబట్టి గీతలు అంతకుముందే పెన్నుతో గీశాను, అద్దంలో ఆవిడ చూసి సరే అన్నాకే ముందుకెళ్ళాం. నిద్రమత్తుకి కొంచెం సెడేషన్, అక్కడి వరకే మొద్దుబారేలా లోకల్ మత్తు, 1 శాతం లిగ్నోకెయిన్ అడ్రినలిన్‌తో 20 మిల్లీలీటర్లు, అంటే 200 మిల్లీగ్రాములు, ఆవిడ బరువు 58 కిలోలు, కిలోకి 7 మిల్లీగ్రాముల లెక్కన 400 దాకా వెళ్ళొచ్చు కాబట్టి సేఫ్. ముందు ఒక డోసు యాంటిబయాటిక్. ముందు వైపు క్లిటోరిస్ దగ్గరికీ, వెనక రెండు పక్కలు కలిసే చోటికీ కోత వెళ్ళనివ్వను, వెనక మచ్చ అడ్డంగా పడితే ద్వారం బిగుసుకుని కూర్చున్నా కలిసినా నొప్పి. రక్తం చుక్క లేకుండా ఓపిగ్గా ఆపి, వాటంతటవే కరిగే సన్నటి 5-0 దారంతో లోపల ఒక వరస, అంచున విడివిడి కుట్లు, వదులుగా, ఎందుకంటే రేపు వాపొస్తే అవే బిగుసుకుంటాయి. గంట పైచిలుకు పట్టింది. తీసిన ముక్కలు బయాప్సీకి పంపాను, మామూలు చర్మమనే వచ్చింది.

సాయంత్రం ఇంటికి పంపెయ్యొచ్చు కానీ లంక ఊరికి ఆ గతుకుల్లో ఆటోలో వద్దని రాజమండ్రిలోనే పిన్నిగారింట్లో మూడు రాత్రులు ఉండమన్నాను. దూరం నుంచొచ్చే వాళ్ళందరూ ఇలా ఏర్పాటు చేసుకుంటే మంచిది, మొదటి రెండు రోజుల్లో రక్తం గడ్డకట్టి ఉబ్బితే గంటల్లో హాస్పిటల్‌కి రావాలి, రేవు దాటి అర్ధరాత్రి రావడం కుదిరే పని కాదు.

మొదటి రాత్రి మత్తు దిగాక మంట. పారాసెటమాల్ నొప్పి వచ్చాక కాదు, టైం ప్రకారం వేసుకోవాలి. మూత్రం పోసేటప్పుడు భగ్గుమంటుంది, అప్పుడే గోరువెచ్చటి నీళ్ళు మగ్గుతో పోసుకుంటూ పోస్తే సగం మంట తగ్గుతుంది, ఆ తర్వాత తుడవకూడదు, మెత్తటి పాత కాటన్ గుడ్డతో అద్దాలి. గుడ్డలో చుట్టిన ఐసు పది పదిహేను నిమిషాలు పెట్టి తియ్యాలి, ఐసు నేరుగా చర్మానికి తగలకూడదు. నడుము కింద దిండు పెట్టుకుని పడుకోవాలి. లోదుస్తులు లేకుండా నైటీనే, మూడు నాలుగు రోజులు. ఇండియన్ టాయిలెట్ అయితే గొంతుక్కూర్చుంటే కుట్లు లాగుతాయి, మెడికల్ షాపుల్లో దొరికే కమోడ్ కుర్చీ కొనుక్కోమన్నాను. మలబద్ధకం రానివ్వకూడదు, ఇసబ్‌గోల్, మజ్జిగ, అరటిపళ్ళు.

మూడో రోజు పొద్దున్నే ఫోను, ఏడుపు. "ముందుకన్నా పెద్దగా అయిపోయిందండి, కుడిది ఇంకా లావండి, నల్లగా కమిలిపోయింది, ఏదో అయిపోయిందండి." వీడియో వద్దు, రా అన్నాను. చూస్తే అంతా మామూలే. వాపు రెండు మూడు రోజులకి శిఖరానికి వెళ్తుంది, అందులో రెండు పక్కలూ ఒకేలా వాయవు, కమిలిన నలుపు కిందకి తొడల దాకా దిగొచ్చు. కాగితంలో రాసింది, నేను రెండుసార్లు చెప్పాను, అయినా అద్దంలో చూసుకున్నప్పుడు ఆ చెప్పినవేమీ గుర్తుండవు. మొదటి రెండు వారాలు అద్దం పెట్టి చూసుకోవద్దు, చూసినా ఆకారం మీద తీర్పు ఇచ్చుకోవద్దు. చూడాల్సింది ఇవే: ఒక పక్క గంటల్లో రాయిలా గట్టిగా ఉబ్బిపోవడం, ప్యాడ్ గంటకొకటి తడిసిపోవడం, మూత్రం బయటికి రాకపోవడం, చలిజ్వరం, చీము, దుర్వాసన, మందులేసుకున్నా రోజురోజుకీ పెరిగే నొప్పి. ఇందులో ఏ ఒక్కటున్నా అర్ధరాత్రైనా రావాలి.

ఇంటికెళ్ళాక పథ్యం గొడవ మొదలైంది. పప్పు పెడితే చీము పడుద్దని, గుడ్డు, వంకాయ, పెరుగు వద్దని అత్తగారు చారన్నంతో కూర్చోబెట్టింది. గాయం మానాలంటే ప్రోటీన్ కావాలి, అసలే రక్తం తక్కువ మనిషి. అత్తగారితో ఫోన్లో నేనే మాట్లాడాను, "అమ్మా, పప్పు, గుడ్డు, కొరమీను పులుసు అన్నీ పెట్టండి, చీము శుభ్రం లేకపోతే పడుద్ది గానీ తిండితో పడదు" అని. ఆవిడ మంచి మనిషి, కోడలి కోసమే చేస్తోంది, చెబితే వింది. పసుపూ వేపాకూ నూరి పట్టు వేస్తానందిగానీ అది మాత్రం వద్దని గట్టిగా చెప్పాను, కుట్ల మధ్య ఇరుక్కుంటే కడగడమే కష్టం. నీళ్ళతో కడగడం, ఆరబెట్టడం, పల్చగా ఆయింట్‌మెంట్, అంతే.

తొమ్మిదో రోజు కుడివైపు కింద అర సెంటీమీటరు మేర కుట్టు విడింది. ముందురోజు ఎవరిదో పెళ్ళి బ్లౌజు అర్జెంటని రెండు గంటలు మిషన్ దగ్గర కూర్చుందట, మోటరున్నా కూర్చోవడం కూర్చోవడమే కదా. ఇలా చిన్నగా విడటం ఈ ఆపరేషన్‌లో అరుదేమీ కాదు. మళ్ళీ కుట్టేయండి అంది. వాచిన కణజాలంలో కుట్లు నిలవవు, కోస్తాయి, అందుకని కుట్టలేదు, రోజుకి రెండుసార్లు గోరువెచ్చటి నీళ్ళ టబ్బులో కూర్చోమని, పని బందని, వారానికొకసారి చూశాను. నాలుగో వారానికి దానంతటదే పూడింది, ఇప్పుడు వెతికితే చిన్న నొక్కు కనపడుతుంది. ఒకవేళ ఆకారం బాగోకపోయినా సరిచెయ్యాలంటే కనీసం ఆరు నెలలు ఆగాలి.

రెండో వారం చివర నుంచి దురద. కుట్లు కరుగుతూ దారం ముక్కలు గుడ్డ మీద పడతాయి, అవి చూసి కంగారు పడనక్కర్లేదు. మూడో వారంలో నెలసరి వచ్చింది, మెత్తటి కాటన్ ప్యాడ్లు మూడు నాలుగు గంటలకోసారి మార్చమన్నాను. పని విషయం: కుర్చీ ఉద్యోగమైతే వారం పది రోజులకి వెళ్ళొచ్చు, ఈవిడలా రోజంతా మిషన్ దగ్గర కూర్చునేవాళ్ళకి మూడు వారాలు, ఊడ్పులకి వంగేవాళ్ళకి, రొయ్యల ప్లాంటులో తడిలో నిలబడేవాళ్ళకి నేను ఆరు వారాలు చెబుతాను. స్కూటీ, సైకిలు ఆరు వారాలు ముట్టుకోకూడదు. కలయిక కూడా ఆరు వారాల తర్వాతే, అది కూడా నేను చూసి సరే అన్నాక.

ఆరు వారాల చెకప్‌లో వాపు చాలావరకు పోయింది, మచ్చ ఇంకా గట్టిగా, గులాబీ రంగులో ఉంది. కుడి అంచు మీద కొంచెం మొద్దుబారినట్టుంది, ఎడమ వైపు మాత్రం గుడ్డ తగిలినా జివ్వుమంటోంది అంది. నరాలు తేరుకునేటప్పుడు రెండూ ఉంటాయి, ఎక్కువమందికి నెలల్లో సర్దుకుంటుంది, సర్దుకోకుండా ఉండిపోయేవాళ్ళూ ఉంటారు, ఆ మాట కూడా ముందే కాగితంలో ఉంది. ఈవిడకి మూడో నెలకి ఎడమ జివ్వుమనడం పోయింది, ఆరో నెలకి కుడి స్పర్శ తిరిగొచ్చింది.

సంక్రాంతి తర్వాత వచ్చినప్పుడు లోపలికి లాక్కుపోయే నొప్పి లేదండి అని చెప్పింది, కానీ మొదట్లో పొడిగా ఉండి మంటందట. అది ఈ ఆపరేషన్ తీర్చేది కాదు, ఏడాదికోసారి కలిసే మొగుడూ పెళ్ళాల మధ్య భయం, తొందర, అలవాటు తప్పడం, అన్నీ ఉంటాయి. నీటితో చేసిన జెల్ రాసిచ్చాను, తొందరపడొద్దని ఇద్దరికీ చెప్పాను, ఆయన కూడా వచ్చాడు, తలొంచుకుని అన్నీ శ్రద్ధగా విన్నాడు.

ఈ మధ్యలోనే ఇంకో అమ్మాయి వచ్చింది, బీటెక్ చదువుతోంది, 22 ఏళ్ళు, ఇదే ఆపరేషన్ కావాలని. మంట అంది, చూస్తే పెదవులు 2 సెంటీమీటర్లు కూడా లేవు, చర్మమంతా ఎర్రగా పొక్కింది. హెయిర్ రిమూవల్ క్రీమూ, దాని మీద వాసన లిక్విడ్ వాషూ. రెండూ మానెయ్యమని, మామూలు నీళ్ళు చాలని పంపించాను, మూడు వారాల్లో తగ్గిపోయింది. ఆ డ్రాయింగులు తనకి కూడా చూపించాను, హాస్టల్లో ఫ్రెండ్స్‌కి చూపిస్తానని ఫోటో తీసుకుంది.

ఆరో నెల చెకప్ మే నెలలో పడింది. కుట్టు గీత మెత్తబడింది, అంచు సాఫీగా ఉంది, కుడి ఎడమల మధ్య చిన్న తేడా ఉంది, ఆవిడకి అది పట్టలేదు. మూత్రం ధారగా వస్తోంది, స్కూటీ మీద అమలాపురం వెళ్ళొస్తోంది, రోజంతా కుట్టినా నలగట్లేదు. తొడ సందుల్లో తామర మాత్రం ఈ ఎండలకి మళ్ళీ మొదలైంది, ఆపరేషన్‌తో చెమట ఆగదు కదా. ఈసారి షాపు క్రీము జోలికి పోకుండా నేరుగా వచ్చింది. దానికి మందులు రాసిచ్చి, ఇంట్లో అందరూ వాడండమ్మా, తువ్వాళ్ళు మళ్ళీ కలిసిపోయాయా చూసుకో అన్నాను. మా అత్తగారిక్కూడా ఉందండి, చెప్పుకోడానికి సిగ్గుపడుతోందండి అంది. బయట కూర్చుందట, లోపలికి రమ్మన్నాను.